నాలుగో సీసాలో నీళ్ళు

పోయిన వారం మెహ్జబీన్‌ను మనం ఫ్రీజర్ తలుపు పట్టుకుని నిలబడి ఉండగా వదిలాం.

శామీర్‌పేట రోడ్డు మీది ఆ పరిశోధనశాలకు గవ్వలపాలెం తీరం నుంచి ఏడు సీసాల సముద్రపు నీళ్ళు వచ్చాయి. సముద్రంలో తిరిగే ప్రతి ప్రాణీ తన చర్మపు పొట్టో, జిగురో, పెంటో నీళ్ళలో వదులుతూనే ఉంటుంది. ఆ నీళ్ళను సన్నటి వడపోత కాగితం గుండా పంపి, కాగితానికి అంటుకున్న డి.ఎన్.ఎ.ను చదివితే అక్కడ ఏ జంతువు తిరిగిందో తెలుస్తుంది. వల వెయ్యక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు, జంతువును ముట్టుకోనైనా అక్కర్లేదు. అలా చదువుతుంటే నాలుగో సీసాలో సముద్రపు ఆవు జాడ దొరికింది; నీళ్ళలోనే బతికే, చాలా అరుదైన పెద్ద జంతువు అది. గవ్వలపాలెం దగ్గర దాన్ని చూశామన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. అక్కడ కొత్త రేవు కట్టబోతున్నారు. కట్టేముందు ఆ నీళ్ళలో ఏయే జంతువులున్నాయో చెప్పమనే ఈ సీసాలు పంపారు.

సంతోషం ఒక్కపూట కూడా నిలవలేదు. ఎప్పుడో తమిళనాడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు ఆవు చర్మం ముక్క ఒకటి, గోరంత, పోల్చి చూడటానికని అదే పరిశోధనశాల ఫ్రీజర్‌లో దాచి ఉంచారు. సీసాలు వడపోసిన రోజునే దాన్ని బయటికి తీసి పనిచేసింది మెహ్జబీనే. ఆ చర్మం పిసరు ఆమె గ్లవ్స్ మీదుగా నాలుగో సీసాలోకి పోయిందేమోనని అనుమానం పుట్టింది. "ఆ సీసా ముట్టుకునే ముందు గ్లవ్స్ మార్చావా?" అని విభాగం పెద్ద జానకీదేవి అడిగింది. "మార్చిన మేడమ్" అంది మెహ్జబీన్.

ఆ మాట అని ఎనిమిది రోజులైంది. నిజంగా మార్చిందో లేదో ఈ ఎనిమిది రోజుల్లో ఆమెకే తెలియకుండా పోయింది.

*

శుక్రవారం పొద్దున గౌడవెల్లిలో తమ పాలకూర మడి పక్కన, బోరు దగ్గర నిలబడి మెహ్జబీన్ మూడోసారి చేతులు కడుక్కుంది. మేడ్చల్ మార్కెట్‌కు తీసుకుపోవాల్సిన కట్టలు కడుతున్న ఫరీద్ తలెత్తి కూతురి వైపు చూశాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూయే. మడిలోకి దిగితే మాత్రం తండ్రి నోట తెలుగే వస్తుంది.

"తోలు ఊడుతది బిడ్డా. ఇగ చాలు."

"ఇయ్యాల రిపోర్టు వస్తది అబ్బా."

"మంచిదేనా?"

"వస్తెనే తెలుస్తది."

ఫరీద్ కట్టకు నార బిగించి పక్కన పెట్టాడు. "నీ చెయ్యి తప్పు చేసిందని ఎవరన్న అంటున్నరా?"

"వాళ్ళు అడిగిండ్రు అంతే. అంటున్నది నేనే."

అతను ఇంకో కట్ట చేతిలోకి తీసుకున్నాడు. మెహ్జబీన్ దుపట్టాకు చేతులు తుడుచుకుని స్కూటీ తీసింది. దారంతా ఆ ఒక్క నిమిషాన్నే మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుంది. మూడో సీసా పక్కన పెట్టింది. కుడిచేతి పక్క చెత్తడబ్బా ఉంది. అందులో పాత గ్లవ్స్ వేసినట్టే ఉంది. కానీ అది మూడో సీసా తర్వాతా, రెండో సీసా తర్వాతా? మేడ్చల్ చౌరస్తాలో లారీల మధ్య ఆగినప్పుడు వెనకాల ఎవరో హారన్ కొడితే గాని దారి ఖాళీ అయిందని తెలియలేదు.

పరిశోధనశాలలో కూర్చున్నా కాలు ఒకచోట ఆగలేదు. డి.ఎన్.ఎ. అక్షరాలు చదివి పంపేవాళ్ళు వేరే చోట ఉంటారు. పదకొండింటికి పంపుతామన్నారు. పదకొండైంది. పావు తక్కువ పన్నెండైంది. పక్క బల్ల దగ్గర సుధీర్ కూడా పదేపదే ఆమె కంప్యూటర్ వైపే చూస్తున్నాడు. గవ్వలపాలెం వెళ్ళి పడవ మీద తిరిగి ఆ ఏడు సీసాలూ నింపి తెచ్చింది అతనే. కోనసీమ నుంచి వచ్చి మేడ్చల్‌లో కొత్త కాలనీలో ఉంటున్నాడు. ఆమెకన్నా నాలుగేళ్ళు సీనియర్, నెమ్మదస్తుడు. ఆమె చేరిన కొత్తలో వడపోత గొట్టం ఎలా బిగించాలో నేర్పింది కూడా అతనే.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా మెయిల్ వచ్చింది.

మెహ్జబీన్ ఫ్రీజర్ ముక్క తాలూకు అక్షరాలను పైవరసలో పెట్టింది. నాలుగో సీసా అక్షరాలను కింది వరసలో పెట్టింది. రెండూ పూర్తిగా ఒకటే అయితే తన గ్లవ్స్ మీదనే నేరం. ఎక్కడైనా తేడా ఉంటే అది వేరే జంతువు. వేలు తెరకు ఆనించి ఒక్కో అక్షరం దాటుకుంటూ పోయింది. మొదటి వంద ఒకటే. రెండో వందలో సగం దాకా ఒకటే. అక్కడ పైన ఒక అక్షరం, కింద వేరొకటి. మళ్ళీ కొంత దూరంలో ఇంకోటి. చివరికి వచ్చేసరికి ఐదు తేడాలు తేలాయి. మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టింది. ఐదే.

జానకీదేవి వచ్చి ఆమె భుజం మీదుగా వంగి చూసింది. యాభై దాటిన మనిషి. ఏ మాటా తొందరపడి అనదు.

"ఎన్నిసార్లు చదివించావు?"

"మూడుసార్లు మేడమ్. నాలుగో సీసా కాగితం నుంచే, మూడు ముక్కలు వేరువేరుగ కోసి పంపిన."

"ఈ ఐదు తేడాలూ మూడింట్లోనూ ఉన్నాయా?"

"ఉన్నయ్."

జానకీదేవి నిటారుగా నిలబడి కళ్ళజోడు తీసింది. "అయితే ఇది మన ఫ్రీజర్‌లోది కాదు. వేరే జంతువు. బతికున్న జంతువు, మొన్న మొన్న ఆ నీళ్ళలో తిరిగింది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ అంది: "నిన్ను అనుమానించడం నా పని కాబట్టి అనుమానించాను. మనసులో పెట్టుకోకు. నాలుగింటికి రిపోర్టు పంపాలి. ఏ సీసా ఎక్కడిదో, దేంట్లో ఏమేం దొరికాయో ఆ పేజీ నువ్వే రాయి."

ఎనిమిది రోజులుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది మెహ్జబీన్. వచ్చాక, గుండె మీంచి బరువు దిగుతుందనుకుంటే దిగలేదు. భోజనం డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని మూసేసింది. ఎక్కడో ఏదో సరిగ్గా కూర్చోలేదనిపిస్తూనే ఉంది.

ఆ పేజీ రాయడానికి కూర్చున్నాక అదేమిటో తెలిసింది.

ఇన్నాళ్ళూ ఆమె నాలుగో సీసాలో సముద్రపు ఆవును తప్ప ఇంకేదీ చూడలేదు. ఇప్పుడు జాబితా అంతా చూసింది. మిగతా ఆరు సీసాల్లో ఉన్నవి సముద్రంలో ఉండాల్సినవే: వంజరం, కానాగంత, జెల్లీ చేపలు. నాలుగో సీసాలో వంజరం లేదు, కానాగంత లేదు. బురదలో ఉండే మండపీత ఉంది. బాతు ఉంది. వాటన్నిటికన్నా ఎక్కువగా గేదె ఉంది.

ఏ సీసా ఎక్కడ నింపారో రాసే పడవ పుస్తకం తీసి చూసింది. సుధీర్ గుండ్రటి చేతిరాతలో ఉంది: నాలుగో సీసా, ఒడ్డు నుంచి మూడు కిలోమీటర్లు, లోతు పన్నెండు మీటర్లు.

*

జనరేటర్ షెడ్డు వెనకాల గోడవారగా సుధీర్ ఒక్కడే టీ తాగుతున్నాడు. సన్నగా తుంపర పడుతోంది. దూరంగా మందుల ఫ్యాక్టరీ వైపు నుంచి ఘాటు వాసన వస్తోంది. మెహ్జబీన్ వస్తుంటేనే అతను నవ్వాడు.

"కంగ్రాట్స్. ఇక హాయిగా నిద్రపో."

"సుధీరన్నా, మూడు కిలోమీటర్ల లోపల సముద్రంల గేదె ఎట్లొచ్చింది?"

నవ్వు అలాగే ఉండిపోయింది గాని కళ్ళు మారాయి. "కాలవలోంచి కొట్టుకొచ్చుంటుంది. వానలు కదా."

"అట్లయితె మూడో సీసాల గూడ ఉండాలె. అది ఒడ్డుకు ఇంకా దగ్గరిది. దాంట్ల లేదు. నాలుగో దాంట్లనే గేదె, బాతు, మండపీత. సముద్రం చేపలేమో ఒక్కటి లేవు." ఆమె గొంతు పెంచలేదు. "గా నీళ్ళు యాడివన్నా?"

సుధీర్ టీ కప్పు గోడ మీద పెట్టాడు.

"నాకు తెలీదు" అన్నాడు చివరికి.

"తెలువదంటె?"

"నిజంగానే తెలీదు. మూడు సీసాలు నేనే నింపాను. నాలుగో చోటికి వెళ్తుంటే గాలి లేచింది. ఒక అల నేరుగా పడవలోకి వచ్చి పడింది, నడుం దాకా నీళ్ళు. ఆ ముందువారమే అక్కడ ఒక పడవ తిరగబడి ఇద్దరు పోయారు మెహ్జబీన్. ఇంట్లో హర్షితకి ఏడో నెల. నాకు ఆ క్షణంలో ఇంకేమీ గుర్తురాలేదు. వెనక్కి తిప్పమన్నాను. ఒడ్డున ఇసుకలో పడుకుని వాంతులు చేసుకున్నాను. పడవ నడిపిన నూకరాజు జాలిపడి, 'సీసా ఇలాగివ్వండి, నేను తెస్తాను' అన్నాడు. సాయంత్రం నింపి తెచ్చిచ్చాడు. ఎక్కడివని నేను అడగలేదు. ప్లానులో ఉన్న అంకె పుస్తకంలో రాసేశాను. మర్నాడు సముద్రం సద్దుమణిగింది. మిగతా మూడూ నేనే వెళ్ళి తెచ్చాను."

మెహ్జబీన్‌కు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అది గుర్తురాకపోయినా బాగుండుననిపించింది.

"గ్లవ్స్ మాట మొదలు తీసింది నువ్వే గదన్నా."

అతను తలదించుకున్నాడు.

"మేడమ్‌కు గ్లవ్స్ సంగతి తోస్తనే లేకుండె. నువ్వే అడిగినవ్, చర్మం ముక్క పోయినవారం ఎవరు తీసిండ్రని."

"నాలుగో సీసా లెక్కలోంచి పోతే చాలనుకున్నాను. నీ మీదికి ఇంతగా వస్తుందనుకోలేదు."

"ఎనిమిది రోజులు నా చేతులను నేనే నమ్మలే." ఆమె తన అరచేతులను చూసుకుంది. వేళ్ళ మధ్య చర్మం తెల్లగా పగిలి ఉంది. "నువ్వు పక్క బల్లకాడ కూసున్నవ్. చూసుకుంట కూసున్నవ్."

సుధీర్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "తప్పు చేశాను. కాదనను. కానీ ఇప్పుడు ఆలోచించు. నీ మీది మచ్చ పోయింది. జంతువు నిజం, దాని జాడ నిజం. అబద్ధం ఒక్క అంకె. ఆ రిపోర్టు ఇలాగే వెళ్తే రేవు పని ఆగుతుంది, ఆవు బతుకుతుంది. నువ్వు లోపలికెళ్ళి నిజం చెప్పావనుకో, మేడమ్ ఏం చేస్తారో నీకు తెలుసు. ఎక్కడిదో తెలియని నీళ్ళని రిపోర్టులో పెట్టరు. నాలుగో సీసా కొట్టేస్తారు. అరుదైన జంతువులేవీ లేవని రిపోర్టు వెళ్తుంది. నా ఉద్యోగం పోతే పోయింది. ఆ ఆవుని చంపింది అప్పుడు ఎవరవుతారు?"

అతను చెప్పిందాంట్లో సగానికి పైగా నిజమే. చెబితే అందరికీ నష్టం. చెప్పకపోతే ఎవరికీ కాదు. షెడ్డు రేకుల మీంచి జారే నీళ్ళు మెహ్జబీన్ చెప్పుల మీద పడుతున్నాయి. పక్కకు జరగాలని కూడా తోచలేదు. ఈ పొద్దుటి దాకా ఆమెను తినేసింది ఒక్క ప్రశ్నే, చేసిందా చెయ్యలేదా అని. ఇప్పుడు అంతా తెలుసు. తెలిశాక కూడా ప్రాణం కుదుటపడటం లేదు.

"రిపోర్టు చూసి వాళ్ళు యాడికి పోతరన్నా?" అంది నెమ్మదిగా.

"అంటే?"

"ఆవును వెతకనీకి. మూడు కిలోమీటర్ల లోపలికి పోతరు. ఆడనే పడవలు తిప్పుతరు. దొరకదు. నెల చూస్తరు, రెండు నెలలు చూస్తరు. లేదని రాసి పని సురువు జేస్తరు. అది నిజంగ ఉన్న కాడ ఎవరు చూడరు. మనం రాసిన అంకె దాన్ని కాపాడదు. యాడుందో తెల్వకుండ జేస్తది."

ఆమె వెనక్కి తిరిగి లోపలికి నడిచింది.

*

జానకీదేవి గదిలో గడియారం మూడుంబావు చూపిస్తోంది. మెహ్జబీన్ కూర్చోకుండానే చెప్పింది. గేదె దగ్గర మొదలుపెట్టి, పడవ పుస్తకం దాకా. సుధీర్ పేరు రావాల్సిన చోట ఆగింది. అప్పుడే వెనకాల తలుపు తోసుకుని అతను లోపలికి వచ్చాడు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది.

"అది నేనే రాశానండీ. మెహ్జబీన్‌కి గంట క్రితం దాకా తెలియదు" అన్నాడు.

జానకీదేవి పుస్తకం తన ముందుకు లాక్కుని ఆ పేజీ చూసింది.

"ఎనిమిది రోజులు ఈ అమ్మాయి చేతుల్ని అనుమానించాం. నువ్వు ఇక్కడే ఉన్నావు. ఒక్కపూట కూడా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించిందండీ."

"దాని సంగతి తర్వాత మాట్లాడదాం." ఆమె రిపోర్టు కాపీని ముందుకు జరుపుకుని, ఎర్ర పెన్నుతో నాలుగో వరస మీద అడ్డంగా గీత గీసింది. తలెత్తి మెహ్జబీన్ ముఖం చూసింది. "ఎక్కడివో తెలియని నీళ్ళకు నేను సంతకం పెట్టను. అది నీకూ తెలుసు. తెలిసే వచ్చావు." పెన్ను మూత పెట్టింది. "నాలుగింటికి ఇంకా అరగంట పైనే టైముంది. ఎక్కడివో తెలుసుకుందాం. ఆ పడవాయన నంబర్ ఉందా?"

సుధీర్ ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు. అవతల గాలి హోరు, దాని వెనకాల ఏవో ఇంజన్ల చప్పుడు.

"సెప్పండి సుధీర్ బాబూ."

"నూకరాజూ, ఆ రోజు నువ్వు నింపి తెచ్చిన సీసా, ఆ నీళ్ళు ఎక్కడివి?"

"అయ్యా, అయి పాయలోయి. సముద్రంలోంచి మా ఊరెనకాలకి వొచ్చే పాయ. సముద్రం ఆ పొద్దు ఎల్లనిచ్చింది కాదు గదా. మీరు అడగలేదు, నాను సెప్పలేదు."

జానకీదేవి ఫోన్ వైపు వంగింది. "నూకరాజుగారూ, నేను హైదరాబాదు నుంచి జానకీదేవిని మాట్లాడుతున్నాను. ఆ పాయలో గేదెలు దిగుతాయా?"

"దిగతాయమ్మా. బాతులూ తిరగతాయి. అడుగంతా గడ్డే."

గడ్డి అన్న మాటకు మెహ్జబీన్ తల ఎత్తింది. సముద్రపు ఆవు తినేది అదే.

"ఆ పాయలో పెద్ద జంతువేదైనా ఎప్పుడైనా చూశారా? బూడిదరంగులో, మనిషికన్నా పొడుగ్గా?"

లైన్ తెగిపోయిందేమోనని సుధీర్ ఫోన్ చేతిలోకి తీసుకోబోయాడు.

"ఎవులికీ సెప్పకూడదనుకున్నామమ్మా" అన్నాడు నూకరాజు. "సెప్తే వలలేసుకుని వొచ్చేస్తారు. మా ఆడోళ్ళు ముందు సూసినారు. నెలన్నర నుంచి పోటుకి వొస్తాది, గడ్డి మేస్తాది, ఎల్లిపోతాది. ఎవుల జోలికీ రాదు. ఇప్పుడు మాత్రం సెప్పాల. మీరు ఫోను సెయ్యకపోతే నానే సేద్దునేమో."

"ఏమైంది?"

"పాయ మూతి మూసేస్తన్నారమ్మా. రేవుకి రోడ్డంట. నిన్న పొద్దుట నుంచి రాయి పోస్తన్నారు. ఇంక ఒక్క పడవ పట్టేంత సందే ఉంది."

రిపోర్టు ఇంకా వెళ్ళనే లేదు. పని అప్పుడే ఎలా మొదలుపెట్టారని జానకీదేవి ఎవరినీ అడగలేదు. "జంతువు ఎక్కడుంది నూకరాజుగారూ? లోపలా, బయటా?"

"నోపలుండిపోనాదమ్మా. లారీల సప్పుడికి బెదిరి ఆ మూల గడ్డిలోకి దూరిపోనాది. నా కల్లెదురుగానే ఉంది."

"ఒక్కటేనా?" అని అడిగింది మెహ్జబీన్. నీళ్ళు చెప్పలేని సంగతి అదొక్కటే. జాతి పేరు చెబుతాయి గాని ఎన్ని ఉన్నాయో చెప్పవు.

"నోపల ఒకటేనమ్మా. తల్లి. పిల్ల బైటికెల్లిపోనాది రాత్రి పోటుకి. రాల్ల కాడే తిరగతన్నాది, పైకి తేలతాది, మునగతాది. తల్లి కోసం ఆ సందులోంచే లోనికి రాబోతన్నాది. అదిగో, ఇంకో లారీ ఎనక్కి తిప్పుతన్నాడు, ఆడికి కనపడదు..."

మాట మధ్యలో ఆగిపోయింది. నూకరాజు ఎవరినో గట్టిగా కేకేశాడు. పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత ఎవరో నీళ్ళలోకి దూకిన చప్పుడు, ఆ వెంటనే రాళ్ళు జారుతున్న చప్పుడు వినిపించాయి.

ఫోన్ ఒడ్డున ఇసుకలో పడి ఉన్నట్టుంది. లైన్ తెగలేదు. ఆ గదిలో ముగ్గురూ బల్ల మీదికి వంగి, గాలి హోరును వింటూ ఉండిపోయారు.